టోక్యోలో ఏడు నెలల కత్తి సాధన: కట్టిన ఫీజుకి నాకు దక్కింది, దక్కనిది

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే నేను చేరే ముందు ఎంత వెతికినా ఎవరూ అది సరిగ్గా రాయలేదు. చేరేటప్పుడు 10,000 యెన్, తర్వాత నెలకు 8,000, ఏడాదికోసారి కట్టే స్పోర్ట్స్ ఇన్సూరెన్స్ 2,000 లోపే, చెక్క కత్తి 3,200, వేసుకునే బట్టలన్నీ కలిపి 18,000 దాకా. వారానికి రెండు సాయంత్రాలు, మంగళ, శనివారాల్లో, రెండేసి గంటలు. ఏడు నెలలుగా వెళ్తున్నాను. డోజో, అంటే సాధన చేసే చోటు, పేరు రాయను. ఇందులో కొన్ని ఫిర్యాదులున్నాయి, అవి మా గురువుకి, అంటే సెన్సేయ్‌కి ఎదురుగానే చెప్పాను, అంతటితో చాలు. టోక్యోలో ఒక వార్డు స్పోర్ట్స్ సెంటర్‌లో హాలు అద్దెకు తీసుకుని నడిపే చిన్న డోజో, ఇరవై మందికి మించి ఉండం. ఇలాంటివి ఈ ఊళ్లో చాలా ఉన్నాయి, కాబట్టి మీరు దేనికి వెళ్లాలనుకున్నా ఇందులో కొంతైనా పనికొస్తుంది.

వీళ్ల కరపత్రం మీద ఒక మాట ఉంది: పాత కత్తి విద్యతో నేటి పోరాటానికి సిద్ధం కావడం. నన్ను లాగింది ఆ మాటే. 2021 అక్టోబర్ 31 రాత్రి కేయో లైన్ రైల్లో ఒకడు కత్తితో పొడిచి, పెట్టెలో నిప్పు పెట్టిన సంగతి జపాన్‌లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రైలు కొకుర్యో స్టేషన్‌లో ఆగింది కానీ ఆగాల్సిన చోట ఆగలేదు, తలుపులు తెరుచుకోలేదు, జనం కిటికీల్లోంచి దూకారు. నేను రోజూ ఎక్కేది ఆ లైనే. అంతకు ముందు మూడేళ్లు బాక్సింగ్ చేశాను, ఒంట్లో కాస్త ధైర్యం ఉంది అనుకునేవాణ్ణి. ఆ వీడియోలు చూశాక ఆ ధైర్యం దేనికి పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే పిడికిలి ఎంత దూరం వెళ్తుంది? కత్తి గురించి తెలిసినవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అనిపించింది.

ఇక్కడ నేర్పేది తోయామా-ర్యూ అనే కత్తి విద్య. కత్తిసాము అనగానే మోకాళ్ల మీద కూర్చుని, నెమ్మదిగా లేచి కత్తి దూసే దృశ్యం కళ్ల ముందుకు వస్తుంది కదా, ఇందులో అది లేదు. మొదటి రోజే సెన్సేయ్ కారణం చెప్పారు. దీన్ని 1925లో సైన్యం వాళ్ల తోయామా స్కూల్లో అధికారుల కోసం తయారుచేశారు. బూట్లు వేసుకుని, నడుముకి కత్తి వేలాడేసుకుని యుద్ధభూమిలో తిరిగేవాడు మోకాళ్లు మడిచి సేయ్‌జాలో కూర్చోడు కదా. అందుకని అన్నీ నిలబడి చేసేవే. ముందున్న శత్రువు, కుడి పక్క శత్రువు, ఎడమ పక్క శత్రువు, వెనక శత్రువు, ఇలా వరుసగా వెళ్తాయి కాటాలు, అంటే ముందే కట్టిపెట్టిన కదలికలు. ఆ రోజుల్లో గొప్ప పేరున్న కత్తి గురువు నకయామా హకుదో కూడా ఇందులో చేయి వేశారు. అంటే పాత విద్యని ఆధునిక అవసరానికి మలచడం అనేది ఈ డోజో కనిపెట్టింది కాదు, వందేళ్ల కిందటే జపాన్ సైన్యం చేసి చూసింది. ఒక ఆదివారం షింజుకు దగ్గర తోయామా పార్కుకి వెళ్లాను, ఆ స్కూలు ఉన్న చోటు అదే. టోక్యో నడిబొడ్డు చుట్టూ తిరిగే యమనోతే రైలు లైన్ లోపల అన్నిటికంటే ఎత్తైన గుట్ట అక్కడే ఉంది, హకోనేయామా, 44.6 మీటర్లు. ఎక్కేచోట ఆ స్కూలు పేరు చెక్కిన రాయి ఉంది. పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటున్నారు. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఇంకా వెనక్కి వెళ్తే 1877లో కుమామోతో దగ్గర తబరుజాకా యుద్ధం. తుపాకులున్న ప్రభుత్వ సైన్యం మీదకి తిరుగుబాటు నాయకుడు సాయ్‌గో మనుషులు కత్తులు దూసి దగ్గరికి చొచ్చుకొస్తుంటే, కొత్తగా చేరిన సైనికులు తట్టుకోలేకపోయారు. చివరికి కత్తి వచ్చిన పోలీసులను పోగుచేసి బత్తోతాయ్ అని ఒక దళం కట్టి పంపారు. అప్పటికి ఏడాది కిందటే, 1876లో, మామూలు జనం కత్తి పట్టుకుని తిరగకూడదని చట్టం వచ్చింది. కత్తి కాలం అయిపోయింది అనుకున్న మరుసటి ఏడాదే దాని అవసరం పడింది. టోక్యో పోలీసుల పెద్ద కవాజీ తోషియోషి ఆ తర్వాత పోలీసులకి కెంజుత్సు, అంటే కత్తి విద్య, నేర్పాలని పట్టుబట్టాడు. ఇప్పటికీ ఇక్కడ పోలీసు స్కూల్లో జూడో గానీ వెదురు కత్తుల కెండో గానీ చేయాల్సిందే, దానితో పాటు తైహోజుత్సు అని మనిషిని లొంగదీసుకునే విద్య వేరే ఉంది. పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర పొడుగు కర్ర పట్టుకుని నిలబడేవాళ్లని చూసే ఉంటారు, ఆ కర్రసాము కూడా షిందో ముసో-ర్యూ అనే పాత విద్యలోంచి వచ్చిందే. సైన్యంలో అయితే బయొనెట్ పోరు నుంచి వచ్చిన జూకెండో ఉంది. మా సెన్సేయ్ పూర్వం సెల్ఫ్ డిఫెన్స్ ఫోర్స్‌లో పనిచేసి రిటైరయ్యారు, జూకెండో చాలా ఏళ్లు చేశారు. అందుకే ఆయన మాటల్లో కథలు తక్కువ, కాళ్ల గురించి ఎక్కువ.

క్లాసు ఎలా ఉంటుందంటే, ముందు అందరం కలిసి తడిగుడ్డతో నేల తుడుస్తాం. వందనం. తర్వాత చెక్క కత్తితో సుబురి, అంటే గాల్లో వేటు వేయడం, మొదటి నెల అంతా దాదాపు ఇదే. నా భుజాలు బాక్సింగ్‌కి అలవాటు పడినవి కాబట్టి ప్రతి వేటుకీ భుజం ముందుకొచ్చేసేది, దాన్ని మాన్పించడానికే సెన్సేయ్‌కి ఆరు వారాలు పట్టింది. బలం నడుములోంచి రావాలి, చేతులు కేవలం దారి చూపాలి, ఇది చదివితే అర్థమయ్యేది కాదు. ఆ తర్వాత కాళ్లు. పాదాన్ని నేల నుంచి ఎత్తకుండా జార్చుకుంటూ ముందుకెళ్లడం, సురియాషి. ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గరికి కూడా అలాగే నడుస్తున్నానని ఒకాయన చెప్పేదాకా నాకు తెలియలేదు.

కత్తి కొనే సంగతి ఇక్కడే రాయాలి, ఇందులో నేను నష్టపోయాను. మూడో నెలలో ఇయాయ్‌తో కొనుక్కోమన్నారు. అది పదును లేని సాధన కత్తి, జింకు, అల్యూమినియం కలిపిన లోహంతో పోత పోస్తారు. నేను తొందరపడి ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి 38,000 యెన్‌కి తెప్పించాను. దాంతో వెళ్లిన నాలుగో క్లాసులో వేటు వేస్తుంటే పిడిలో టక్కు టక్కుమని శబ్దం. నా పక్కన సాధన చేసే సెన్పాయ్, అంటే సీనియర్, అరవై దాటిన ఆవిడ, వెంటనే చేయెత్తి అందర్నీ ఆపేశారు. పిడిని లోపలి లోహానికి పట్టి ఉంచేది ఒకే ఒక్క వెదురు మేకు, మెకుగి అంటారు, అది అరిగి సగం బయటికి వచ్చింది. ఇంకో పది వేట్లయితే కత్తి ఎవరి మీదకి ఎగిరేదో. ఆవిడ కొత్త మేకు కొట్టి ఇచ్చారు కానీ పిడి చెక్కే సరిగ్గా కూర్చోలేదు, అది ఎన్ని మేకులు మార్చినా బాగయ్యేది కాదు. చివరికి డోజో వాళ్లు చెప్పిన దుకాణంలో 76,000 పెట్టి ఇంకోటి తీసుకున్నాను, నా ఎత్తుకి 2 షాకు 4 సున్, అంటే దాదాపు 73 సెంటీమీటర్లు. దయచేసి మీరు కొనే ముందు మీ గురువుని అడగండి, ప్రతి క్లాసు ముందూ మెకుగిని వేలితో నొక్కి చూడండి.

చట్టం కూడా తెలుసుకోండి. 1958 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఇక్కడ అసలు కత్తికి నమోదు పత్రం ఉండాలి, అది కత్తితో పాటే ఉంటుంది. ఇయాయ్‌తోకి పత్రం అక్కర్లేదు, అయినా సరైన కారణం లేకుండా బయట పట్టుకు తిరిగితే అదీ నేరమే. సంచిలో పెట్టి కట్టుకుని క్లాసుకి, క్లాసు నుంచి ఇంటికి, అంతే. షింజుకు స్టేషన్‌లో ఒకసారి పోలీసులు ఆపి అడిగారు, డోజో కార్డు, నెల టైం టేబుల్ చూపించాను, మర్యాదగా పంపించేశారు. ఆత్మరక్షణ కోసం పట్టుకు తిరుగుతున్నాను అంటే మాత్రం అది సరైన కారణం కింద లెక్కలోకి రాదు. కాబట్టి నేటి పోరాటం అన్న మాటకి, చేతిలో కత్తి ఉండే పోరాటం అని అర్థం చేసుకుంటే మొదటి అడుగులోనే తప్పుదారి పట్టినట్టు.

తామేషిగిరి గురించి అందరూ అడుగుతారు. తతామి చాప పైపొరని చుట్టగా చుట్టి, నీళ్లలో నానబెట్టి, మేకు మీద నిలబెట్టి అసలు కత్తితో నరకడం. నాకు ఐదో నెలలో ఒక్కసారి అవకాశం ఇచ్చారు, సెన్సేయ్ కత్తితో, ఆయన నా వెనకే నిలబడి. మొదటి వేటు సగంలో ఇరుక్కుపోయింది. బలం తక్కువై కాదు, అంచు వెళ్లే దారీ వేటు వెళ్లే దారీ ఒకటి కాలేదు, హసుజి తప్పింది. రెండోది దిగినట్టే తెలియలేదు, చుట్ట పై ముక్క జారి కింద పడింది. ఆ క్షణం నుంచి పదునైన వస్తువు అంటే నాకు వేరే భయం మొదలైంది, దాన్ని గౌరవం అనాలేమో. వంటింటి కత్తి చేతిలో ఉన్నవాడి దగ్గరికి వీరావేశంతో వెళ్లేవాళ్లని చూస్తే ఇప్పుడు నాకు కడుపులో తిప్పుతుంది. పోరాట సన్నద్ధతలో ఇది కూడా భాగమే అని నా అభిప్రాయం.

ఇక ఫిర్యాదులు. కాటా మాత్రమే చేస్తే మనిషి సిద్ధం కాడు. కాటాలో శత్రువు మనం అనుకున్న చోటే ఉంటాడు, అనుకున్న వేటే వేస్తాడు, ఒక్క వేటుకి పడిపోతాడు. మొదటి మూడు నెలలు మామూలు క్లాసుల్లో నేను చేసింది ఇదే, నా ఎదురుగా మనిషి లేడు. పైగా నోతో, అంటే కత్తిని తిరిగి ఒరలో పెట్టడం, ప్రతి క్లాసులో ఇరవై నిమిషాలు. బొటనవేలు తెగకుండా ఉండటానికి అది కావాలి, ఒప్పుకుంటాను, కానీ కరపత్రం మీద ఆ మాట చూసి వచ్చినవాడికి ఆ ఇరవై నిమిషాలు భారంగానే ఉంటాయి. సెన్సేయ్‌ని అడిగితే ఆయన దాచుకోలేదు. "కాటా అంటే అక్షరాలు, మాట్లాడటం వేరే నేర్చుకోవాలి" అన్నారు. అయితే ఆ మాట్లాడటం మొదటి నెల నుంచే కొంచెం కొంచెం నేర్పండి అన్నాను. నవ్వి ఊరుకున్నారు, తర్వాతి నెల నుంచి కొత్తగా చేరినవాళ్లకి కూడా జంటగా చేసే పది నిమిషాలు కలిపారు.

జంటగా చేసే సాధనలోనే నాకు అసలు విషయం దొరికింది. మెత్తటి స్పాంజ్ కత్తులతో, ముసుగు పెట్టుకుని, నిజంగానే కొట్టుకోవడం. బాక్సింగ్ అలవాటుతో నేను దూసుకెళ్లాను, తల మీద కొట్టాను, సంతోషించాను. సెన్సేయ్ ఆపి నా మణికట్టు చూపించారు. నేను కొట్టే లోపే నా చేయి తెగింది. ఎదుటివాడికి మన ఒంట్లో అన్నిటికంటే దగ్గరగా ఉండేది మన చేయే, అది నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. రెండోసారి ఇద్దరం ఒకేసారి కొట్టుకున్నాం. ఆటల్లో అయితే ఎవరు ముందు అని చూస్తారు, ఇక్కడ దానికి పేరు ఆయ్‌ఉచి, ఇద్దరూ చచ్చారు. ఇద్దర్నీ పక్కన కూర్చోబెడతారు, ఆ రౌండ్ అయ్యేదాకా లేవనివ్వరు. మొదటి నెలన్నరలో నేను చేసిన పోరాటాల్లో సగానికి పైగా అలాగే అయ్యాయి. పక్కన కూర్చుని మిగతావాళ్లని చూస్తూ ఉంటే నెమ్మదిగా అర్థమైంది, నేను గెలిచాను అనుకున్న ప్రతిసారీ నేను కూడా పోయినవాణ్ణే. బాక్సింగ్‌లో ఒక దెబ్బ తిని రెండు ఇవ్వొచ్చు. అంచు ఉన్న వస్తువు దగ్గర ఆ బేరం కుదరదు.

అక్కడి నుంచి మాఅయ్ మొదలవుతుంది, ఇద్దరి మధ్య దూరం. ఒక్క అడుగు వేస్తే అందేంత దూరం ఒకటి ఉంటుంది, అది దాటాక ఆలోచించడానికి టైం ఉండదు, అందుకే ఆలోచన అంతా దానికి బయటే జరిగిపోవాలి. చూపు కూడా అంతే, దూరపు కొండని చూసినట్టు చూడమంటారు. చేతినే చూస్తూ ఉంటే కాలు కదిలేది కనిపించదు, కాలు చూస్తే పక్కవాడు కనిపించడు. ఆశ్చర్యం, భయం, సందేహం, తికమక, ఈ నాలుగూ కత్తి పట్టినవాడికి జబ్బులని పాతకాలం నుంచి చెబుతారట. నా వరకు అన్నిటికంటే పెద్దది మొదటిదే. ఊహించనిది ఎదురైతే నా కాళ్లు నేలకి అతుక్కుపోతాయి.

అది బయటపడింది నెలాఖరు శనివారం డ్రిల్‌లో. ఈ డోజో గురించి నేను ఇంత రాయడానికి కారణం ఆ డ్రిల్లే. రెండు వరసల్లో కుర్చీలు వేస్తారు, మధ్యలో రైలు పెట్టెలో ఉన్నంత దారి. అందరూ తెల్ల టీషర్టులు వేసుకోవాలి. ఒకరి చేతిలో ఎర్ర మార్కర్ పెన్ను ఉంటుంది, ఎవరి చేతిలో అన్నది ముందు చెప్పరు. అరుపు వినిపిస్తుంది, పది సెకన్లు, అంతే. మొదటిసారి నా టీషర్టు మీద ఏడు గీతలు, మెడ దగ్గర రెండు. నేను అడ్డం పెట్టానని అనుకున్న చేతి మీద పొడుగ్గా ఒకటి. ఇంటికి వెళ్లి ఆ టీషర్టు ఉతకలేదు, అల్మారా తలుపుకి తగిలించి ఉంచాను.

ఇప్పుడు ఆరో డ్రిల్ అయింది, రెండు గీతలు, రెండూ ముంజేయి మీద, మూడు సెకన్లలో అవతలి తలుపు దగ్గరికి చేరాను, పక్క కుర్చీలో ఉన్న అమ్మాయిని కూడా లాక్కుని. ఏం మారింది? బ్యాగుని రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు సాచి, చెక్క కత్తి మొన ఎదుటివాడి గొంతుకి చూపించినట్టు బ్యాగు అంచుని చూపిస్తూ వెనక్కి జారడం. ఇది చూదాన్ కమాయే, అంటే కత్తిని నడిమి ఎత్తులో ముందుకి చూపి నిలబడటం, తప్ప ఇంకేం కాదు. వాడు ముందుకొస్తే బ్యాగు తగులుతుంది, వాడు పక్కకి తిరిగేలోపు నాకు అడుగున్నర దూరం దొరుకుతుంది. వేలసార్లు చేసిన సురియాషి అక్కడ పనికొచ్చింది, వెనక్కి పోతూ తట్టుకుని పడలేదు. పెట్టెలో ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో చూసుకోవడం కూడా ఈ డ్రిల్‌లో భాగం, ఒకరిని దానికే కేటాయిస్తారు. రెండుసార్లు సాసుమాతాతో కూడా చేయించారు. అది కొసన రెండు కొమ్ములుండే పొడవాటి కర్ర, ఎదో యుగంలో (1603-1868) దొంగల్ని పట్టడానికి వాడింది. 2001 జూన్‌లో ఒసాకాలో ఇకెదా స్కూల్లో ఎనిమిది మంది పిల్లలు చనిపోయాక దేశమంతా స్కూళ్లలో అవి పెట్టారు. ఒక్కడే పట్టుకుంటే దుండగుడు దాన్ని లాగేసుకుంటాడు, ఇద్దరు ముగ్గురు కలిసి వేర్వేరు వైపుల నుంచి పట్టి పోలీసులు వచ్చేదాకా దూరంగా ఉంచాలి. మాలో ఒక ప్రైమరీ స్కూల్ టీచర్ ఉంది, వాళ్ల స్కూల్లో అది గోడకి ఉంది కానీ ఒక్కరోజూ చేత్తో పట్టుకోలేదట. ఆ రోజు ఆవిడ మొహం నేను మర్చిపోలేను.

నా బాధ ఒక్కటే, ఇంత మంచి డ్రిల్ నెలకి ఒక్కసారేనా. దానికోసమే 8,000 కట్టమన్నా కడతాను.

ఇది ఇవ్వనివి కూడా రాస్తాను. కింద పడ్డాక ఏం చేయాలో ఇక్కడ రాదు, పట్టులు లేవు, అది కావాలంటే జూడోకి వెళ్లాలి. రక్తం ఆపడం నేర్పరు, నేను విడిగా ఫస్ట్ ఎయిడ్ క్లాసుకి వెళ్లి నేర్చుకున్నాను. తుపాకీ గురించి ఒక్క మాట లేదు. ఒంటికి వ్యాయామం కోసం అయితే ఇది చాలదు, నేను పరుగు మానలేదు. అంతా జపనీస్‌లోనే, నాకున్న కొద్దిపాటి జపనీస్‌తో నెట్టుకొచ్చాను, కాళ్లూ చేతులూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇంకో చోట ఒక్కరోజు సెమినార్‌కి కూడా వెళ్లాను, 15,000 యెన్, సమురాయ్ యుద్ధ రహస్యాలతో ఆధునిక పోరాటం అని ప్రకటన. కవచం తొడిగి ఫోటోలు తీశారు, ప్లాస్టిక్ కత్తి లాక్కునే పద్ధతులు పన్నెండు చూపించారు, ఎవరూ ఎదురు తిరగలేదు. అందులో ఒకటి మా శనివారం డ్రిల్‌లో ప్రయత్నించాను, మార్కర్ నా అరచేతిని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది. అలాంటి చోట నేర్చుకున్నవాడు నమ్మకంతో కత్తి మీదకి చేయి చాస్తాడు, అది తలచుకుంటేనే భయమేస్తుంది. చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ ఎదుటివాడు నిజంగా ఎదురు తిరిగే సాధన ఉందా, ఉంటే ఎన్నాళ్లకి ఒకసారి? జవాబు సూటిగా రాకపోతే వేరే చోటు చూసుకోండి. చాలా డోజోలు కెంగాకు అని ఒకరోజు ఉచితంగా కూర్చుని చూడనిస్తాయి, వెళ్లి చూడండి, ముఖ్యంగా జంట సాధన ఉన్న రోజు.

ఓపిక లేనివాళ్లకి ఇది నచ్చదు. మూడు నెలలు గాల్లో వేట్లు వేయడానికి సిద్ధపడినవాళ్లకి, రోజూ రద్దీ రైళ్లలో తిరిగేవాళ్లకి, స్కూళ్లలో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి తప్పకుండా చేరమని చెబుతాను. ఈ నెలాఖరు డ్రిల్‌కి మా ఆఫీసు నుంచి ఇద్దర్ని తీసుకెళ్తున్నాను. సెన్సేయ్‌కి ఫోన్ చేసి చెబితే సరే అన్నారు, వాళ్లని కూడా తెల్ల టీషర్టులు తెచ్చుకోమన్నారు.